లైల్ ట్రాంబ్లీ గూఢచారి ఆట

లైల్ ట్రాంబ్లీ ఇరవై రెండేళ్ళు మా ఊరి జైల్లో గార్డుగా పనిచేశాడు. న్యూయార్క్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దుకి అరగంట దూరంలో ఉంటుంది మా ఊరు. గని మూతపడ్డాక మగవాళ్ళకి మిగిలిన ఉద్యోగం ఆ జైలొక్కటే. లైల్ ఖైదీల బ్లాకులోకి అడుగుపెట్టే ముందు తాళాల గుత్తి గట్టిగా ఆడించేవాడు. ఆ చప్పుడు వింటే ఖైదీలు చేస్తున్న వెధవ పనులన్నీ దాచేసుకుంటారని తోటి గార్డులం మొత్తుకునేవాళ్ళం. "దాచుకోనీ. పిల్లిలా వెళ్ళి మనిషిని పట్టుకోవడం నాకు చేతకాదు" అనేవాడు. జైల్లో అందరం ఇంటిపేర్లతోనే పిలుచుకునేవాళ్ళం. నేను రబిడోని.

2003 మార్చిలో లాండ్రీ నడవాలో ఒక ఖైదీ వెనకనుంచి వచ్చి, మెలితిప్పిన దుప్పటి లైల్ మెడకి బిగించాడు. నడవా చివర అద్దాల గదిలో ఆరోజు డ్యూటీ నాది. ప్రమాద గంట నొక్కింది నేనే. మావాళ్ళు పరుగున వచ్చి విడిపించారు. లైల్ బతికాడు గానీ, మెడ దగ్గర నరాలు నలిగి కుడిచెయ్యి పట్టు తప్పింది, గొంతు బొంగురుపోయింది. ఉద్యోగం అక్కడితో సరి. నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. లైల్ భార్య నోరీన్ ఆస్పత్రిలో నన్ను పట్టుకుని ఏడ్చింది.

చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి, బొటనవేలు కదలాలంటే వీడియో గేములు మంచివని చెప్పింది. ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్ముతుంటే నోరీన్ టీవీకి తగిలించి ఆడే కన్సోల్ ఒకటి కొనుక్కొచ్చింది. దాంతో వచ్చింది ఒకటే గేము. అందులో మనం గూఢచారి. శత్రువుల స్థావరంలోకి చొరబడి, ఎవరి కంటా పడకుండా గది తర్వాత గది దాటి, లోపల దాచిన ఆయుధం తాలూకు పటాలు ఎత్తుకురావాలి. అడుగడుగునా కాపలావాళ్ళుంటారు. చప్పుడు కాకుండా వెనక్కి చేరి వాళ్ళ గొంతు నులిమేస్తే దారి సులువవుతుంది.

లైల్ ఆ గొంతు నులిమే బటన్ మాత్రం నొక్కడు. గూఢచారిని గోడకి కరిపించి, కాపలావాడు అటు తిరిగేదాకా కాచుకుని, నాలుగడుగులు వేయించి, మళ్ళీ ఆపేవాడు. పదేళ్ళ పిల్లలు పావుగంటలో దాటే నడవా దాటడానికి అతనికి రెండు రోజులు పట్టేది. కాపలావాళ్ళకి మా జైలువాళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. నడుస్తూ ఆవలించేవాడికి బోయే అనే గార్డు పేరు. గంటకోసారి మంచులోకి వెళ్ళి ఒంటేలు పోసుకునేవాడికి మా సూపరింటెండెంట్ పేరు.

మూడింటికి షిఫ్టు దిగి, మా వైపు మిషిగన్లు అనే, కీమా, ఉల్లిపాయ దట్టించిన హాట్‌డాగులు నాలుగు పొట్లం కట్టించుకుని వాళ్ళింటికి పోయేవాణ్ణి. దాదాపు రోజూ పోయేవాణ్ణి. ఎందుకు పోయేవాణ్ణో నాకు తెలుసు.

"ఇంకా ఈ తలుపు దగ్గరే ఉన్నావట్రా? నేను మూడు షిఫ్టులు చేసొచ్చాను" అనేవాణ్ణి.

"షిఫ్టులో నువ్వు పొడిచేదేముంది, నీదీ కూర్చునే పనే కదా" అనేవాడు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఆగస్టుకల్లా అతని బొటనవేలు చక్కగా ఆడసాగింది. ఒక మధ్యాహ్నం చాలా హుషారుగా ఉన్నాడు. ఒక కిటుకు కనిపెట్టానని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గూఢచారిని వెలుతురులోకి నడిపించాడు. కాపలావాడు చూశాడు. చూసి అలాగే నిలబడ్డాడు. ఈలోగా గూఢచారి పెట్టెల చాటుకి దూరిపోయాడు.

"చూశావా? మనం కనబడ్డాక కూడా వాడు వెంటనే గంట కొట్టడు. నిజంగా చూశానా లేదా అని వాడికి అనుమానం. ఆ సందులోనే నేను జారుకుంటున్నాను. ఇలాంటి దద్దమ్మల్ని ఉద్యోగంలోకి ఎవడు తీసుకున్నాడ్రా?" అని నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. చేతిలోని మిషిగన్ తిరిగి పొట్లంలో పెట్టేశాను. ఏమైందని అడిగాడు. అయిదు నెలలుగా దాచుకున్న మాట ఆరోజు బయటికొచ్చేసింది.

ఆ ఖైదీ దుప్పటి మెలితిప్పుకుంటూ రావడం నేను చూశానని చెప్పాను. ఉతికిన గుడ్డ పిండుతున్నాడేమో అనుకున్నాను. మెడకి వేశాక అది కాదని తెలిసింది. తెలిశాక కూడా చెయ్యి లేవలేదు. విచారణ కాగితంలో నేను వెంటనే గంట నొక్కినట్టు రాశారు. కెమెరా టేపు తెప్పించుకుని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నది నేనొక్కణ్ణే.

లైల్ గేము ఆపి, టీవీ వైపే చూస్తూ అడిగాడు.

"ఎంతసేపు?"

"పదకొండు సెకన్లు."

వంటింట్లో నోరీన్ గిన్నెలు కడుగుతోంది. లైల్ కంట్రోలర్ బల్ల మీద పెట్టాడు. తర్వాత "ఇంటికి వెళ్ళు, డెన్నిస్" అన్నాడు. నా పేరు అతని నోట వినడం అదే మొదలు.

మర్నాడు సూపరింటెండెంటుకి జరిగింది జరిగినట్టు రాసి, నాకిచ్చిన మెచ్చుకోలు పత్రం కూడా జతచేసి ఇచ్చేశాను. ఆయన తలుపు మూసి, అయిపోయినదాన్ని కెలకొద్దన్నాడు. నన్ను గేటు దగ్గర డ్యూటీకి మార్చారు. నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు చెప్పావని ఆమె కోపమో, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని కోపమో నేను అడగలేదు.

రెండు వారాలు పోయాక నోరీన్ ఫోను చేసింది.

"మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో ఇతను చెప్పడు. పొద్దున లేచింది మొదలు ఆ బొమ్మని తీసుకెళ్ళి కాపలావాడి ఎదుట నిలబెడతాడు. వాడు కాల్చేస్తాడు. మళ్ళీ మొదట్నుంచి పెట్టి, మళ్ళీ నిలబెడతాడు. తిండి లేదు. నాకు భయంగా ఉంది, ఒకసారి రా."

వెళ్ళాను. నేను వచ్చినట్టు లైల్‌కి తెలుసు, కానీ తలతిప్పలేదు. అతని పక్కన రొట్టెలు కాల్చేటప్పుడు పెట్టుకునే, సెకన్లు లెక్కపెట్టే వంటింటి గడియారం ఉంది. కాపలావాడు చూడడానికీ గంట మోగడానికీ మధ్య ఎంతసేపో కొలుస్తున్నాడు. మూడు సెకన్లు. ఎన్నిసార్లు చూసినా మూడే.

"కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. గడియారాన్ని పదకొండు సెకన్లకి మోగేలా సరిచేసి బల్ల మీద పెట్టాడు. అది మోగేలోపు నాకు ఒళ్ళంతా చెమట పట్టింది.

"చాలా ఎక్కువ టైమే" అన్నాడు లైల్. "మెడకి దుప్పటి పడగానే నేను నీ గది వైపే చూశాను. అద్దంలో నువ్వు కనిపించావు. రబిడో ఉన్నాడు కదా, చూశాడు కదా అనుకున్నా. అందుకే గింజుకోవడం మానేసి, ఊపిరి బిగబట్టుకుని నీ కోసం చూశాను" అన్నాడు.

నేను తలవంచుకుని ఏడ్చాను. అతను నన్ను ఓదార్చలేదు. వెళ్ళమనీ అనలేదు. కంట్రోలర్ తీసుకుని ఆట మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గూఢచారిని కాపలావాడి ముందు నిలబెట్టలేదు. వెనకనుంచి వెళ్ళి, అన్నాళ్ళూ నొక్కని బటన్ నొక్కాడు. టీవీలో ఆ మనిషి కాళ్ళు కొట్టుకుని ఆగిపోయాయి. లైల్ ముఖం పాలిపోయింది. లేచి టీవీ ఆపేశాడు. కన్సోల్‌ని నోరీన్ ఆ వారమే చర్చివాళ్ళకి ఇచ్చేసింది.

ఆ తర్వాత పదేళ్ళు బతికాడు లైల్. చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద, మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టేచోట కనబడితే తల ఊపేవాడు. ఒకటి రెండుసార్లు చేపలెలా పడుతున్నాయని కూడా అడిగాడు. వాళ్ళింటికి నన్ను మళ్ళీ పిలవలేదు, నేనూ పోలేదు. క్షమించావా అని అడగడానికి నోరు రాలేదు. అడిగితే ఏమనేవాడో నాకు తెలియదు.

గుండె ఆగి పోయాడు. మర్నాడు నోరీన్ మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది. శవపేటిక మోయడానికి ఆరుగురు కావాలి, ఆ ఆరుగురి పేర్లూ లైల్ ముందే చెప్పి ఉంచాడట.

"నీ పేరు నాలుగోది. ఎందుకని నేనడగలేదు, నువ్వూ నన్నడక్కు. నల్ల కోటుందా నీకు?" అంది.

ఉందన్నాను. అంత్యక్రియల రోజు వాన పడి చర్చి మెట్లు జారుడుగా ఉన్నాయి. శవపేటికకి ఎడమవైపు చివరి పిడి పట్టుకుని, ముందువాళ్ళ అడుగు చూసుకుంటూ, జాగ్రత్తగా దిగాను.