శివరామయ్య గారి శాతాలు

శివరామయ్య గారు దేన్ని చూసినా, అది ఎంత శాతం నిండిందో చెప్పనిదే ఊరుకోలేడు. నరసరావుపేటలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబుకు ఆయనే పెద్ద దిక్కు. గంటకోసారి మౌసును పక్కకు నెట్టి, నల్ల తెర మీద డీఎఫ్ అని కొడతాడు. సర్వర్ డిస్కు ఎంత నిండిందో అది చెబుతుంది. వెంటనే ఆయన కేక వరండా దాటుతుంది.

"తొంభై మూడు శాతం! ఎవురిదిరా ఈ చెత్తంతా? తీసెయ్యండి!"

ఎవరి ఫైళ్లు వాళ్లు హడావిడిగా తుడిచేస్తారు. మర్నాడు చూస్తే మళ్లీ అదే తొంభై మూడు.

మాచర్ల బస్సెక్కినా అంతే. "నూట నలభై శాతం. ఇంకేడ ఎక్కిస్తావయ్యా?" అని కండక్టరును నిలదీస్తాడు. పెళ్లి భోజనంలో పులిహోర మారు వడ్డించబోతే పొట్ట నిమురుకుని, "ఎనభై ఐదు. పెరుగుకు జాగా ఉండాల," అంటాడు.

ల్యాబు అసిస్టెంటుగా చేరి మూడు నెలలైన రజియాకు ఆ కేకంటే హడల్. ఆ శుక్రవారం కేక వినగానే పోయినేటి మార్కుల ఫోల్డరు తీసేద్దామని, ఫైళ్లను తిరిగి రాకుండా తుడిచేసే ఆర్‌ఎం కమాండు కొట్టింది. తానున్నది ఈ ఏటి ఫోల్డరులో అని చూసుకోలేదు. రెండో సంవత్సరం పిల్లల మార్కులన్నీ మాయం. సాయంత్రం ఐదింటికల్లా అవి యూనివర్సిటీకి వెళ్లాలి. ప్రిన్సిపాల్‌కు తెలిస్తే ఉద్యోగం ఊడినట్టే. నోరు మూసుకుందామనుకుంది గానీ పిల్లలు గుర్తొచ్చి మనసొప్పలేదు.

"సార్, మార్కులు తుడిచేశాను. ఆర్‌ఎం కొట్టాను."

ఆయన తిట్టలేదు. రజియాకు ఇంకా భయమేసింది.

"తలుపు దగ్గరికెయ్యమ్మా," అని, మామూలుగా కనపడని ఓ ఫోల్డరు తెరిచాడు. ఎనిమిదేళ్లుగా కాలేజీలో తుడిచేసిన ప్రతి ఫైలూ తారీకుతో సహా అందులో ఉంది. అన్నిటికన్నా పైన రజియా తుడిచేసిన మార్కులు. ఆ కిందే ప్రిన్సిపాల్ గారు పొరపాటున చెరిపేసిన టైమ్ టేబులు.

"ఈ సర్వర్లో ఆర్‌ఎం కొడితే ఏదీ చావదు, ఈడకొచ్చి కూచుంటది. నేనే అట్టా మార్చి పెట్టా. చేరిన కొత్తల్లో అడ్మిషన్ల ఫైలు తుడిచేసి మూడు రోజులు అన్నం తినలా. మనిషి తప్పు చెయ్యకుండా ఆపలేమమ్మా. ఆ తప్పు వాళ్ల పొట్ట మీద కొట్టకుండా ఆపగలం."

"మరి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేం సార్?"

"చెప్తే ఇంకెవురన్నా చూసుకుని ఆర్‌ఎం కొడతారా?"

మార్కులు వాటి చోటికి చేరాయి. రజియా కళ్లు తుడుచుకుంది. ఆ మనిషి మీద ఒక్కసారిగా పుట్టెడు అభిమానం పుట్టుకొచ్చింది. తర్వాత ఏదో అనుమానం వచ్చి, డీయూ కొట్టి ఆ ఫోల్డరు బరువు చూసింది. డిస్కులో ముప్పాతిక వంతు దానిదే.

"అయితే సార్, డిస్కు నింపేది మీరేనా!"

"గట్టిగా అనబాక," అన్నాడు శివరామయ్య గారు, వరండాలోకి తొంగి చూస్తూ.