న్యేపికి ముందు రోజు

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఆఫీసు అయిపోగానే ఫణీంద్ర పార్కింగ్‌లో కారు తీయకుండా, బాలీలో ఉన్న తన ఇంటిని ఫోన్‌లో చూసుకుంటాడు. వరిమళ్ల పక్కన రెండు గదుల ఇల్లు. ఫొటోలు చూసి మురిసిపోయి పాతికేళ్ల లీజుకు తీసుకున్నాడు. అందులో తొమ్మిదేళ్లు ఇట్టే కరిగిపోయాయి, మహానుభావుడు ఒక్కసారైనా గడప తొక్కింది లేదు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు ఎప్పుడో దాటింది. టికెట్ బుక్ చేద్దామనుకున్న ప్రతిసారీ లాయర్‌ది ఒకటే పాట: "ఇప్పుడు ట్రావెల్ చేయకండి. వెళ్తే మళ్లీ రానిస్తారన్న గ్యారంటీ లేదు."

ఆ రోజు వీడియో కాల్ కలిసేసరికి అక్కడ అప్పుడే తెల్లవారింది. ఇల్లు కనిపెట్టుకుని ఉండే కెటుట్ వాకిట్లో కొబ్బరాకు దొన్నెలో పూలు పెట్టి, ఫోన్‌లోకి చూస్తూ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.

"రేపు ఫోన్ చేయకండి సార్. రేపు మా న్యేపి పండగ. ఊళ్లో ఎవరూ దీపం పెట్టరు, గడప దాటరు. ఎయిర్‌పోర్టు కూడా మూసేస్తారు."

"ఎందుకలా?"

"ఇక్కడ మనుషులే లేరనుకుని దయ్యాలు వెళ్లిపోవాలి కదా సార్. కానీ కదలకుండా కూర్చోవడం నరకం. పిల్లలైతే ఏడుస్తారు."

"ఎన్నాళ్లు?" అన్నాడు ఫణీంద్ర.

"ఒక రోజు సార్! పూర్తిగా ఒక రోజు!" అన్నాడు కెటుట్, పాపం.