జగ్గయ్య మాన్పించిన పాలసీ

చోడవరం బస్టాండు దగ్గర గున్నమ్మ టీకొట్టులో పేపరు పైకి చదివేది జగ్గయ్యే. కరెంటాఫీసులో రిటైరయ్యాడు. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, బెంచీ చరుస్తూ, ఆరోగ్య బీమా గురించి ఎవరితోనైనా వాదిస్తాడు. "గవర్నమెంటు కార్డుండగా ప్రైవేటోడికి ప్రీమియమేటి? మానీ!" అని నిరుడు గున్నమ్మ చేత పాలసీ మాన్పించాడు. ఇప్పుడు ఆమె మొగుడికి గుండె ఆపరేషను చెయ్యాలి. ప్రభుత్వం బకాయిలు ఇవ్వలేదని ఆసుపత్రులు ఆ కార్డు తీసుకోవడం ఆపేశాయి. వారంగా జగ్గయ్య సినిమా పేజీ తప్ప చదవడం లేదు.

"బాబాయ్, లెక్చరు లేదేటి?" అన్నాడు ఆటో గోపీ.

"ఊరుకోరా!" అని గోపీని కసిరి, జగ్గయ్య వైపు తిరిగి, "కార్డు మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో పేపర్లో సూసి సెప్పండి బాబూ, మీకు తెలీనిదేటుంది?" అంది గున్నమ్మ.

జగ్గయ్య సినిమా పేజీ మొహానికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకున్నాడు. గ్లాసు ముట్టలేదు. టీ బాగులేదనుకుని ఆమె ఇంకోటి వేడిగా పోసి తెచ్చింది.