పత్తి వరుసలో తిమ్మక్క మర్యాద

ఆదోని పత్తి కొనుగోలు కేంద్రానికి వచ్చే రైతుల్లో తిమ్మక్కంత మర్యాదస్తురాలు లేదని రెండేళ్లపాటు అందరూ నమ్మారు. ఎమ్మిగనూరు అవతలి పల్లె నుంచి పత్తి ట్రాక్టర్ తెచ్చి, తెల్లవారకముందే వరుసలో మొదట నిలబెట్టేది. తీరా గేటు తెరిచే వేళకు వెనక్కి తిరిగి, "మీరు దూరం పోవల్ల కదప్పా, ముందు మీరే పోండి. నాకేం తొందర" అనేది.

ముందుకు పొమ్మంటే ఎవరికి చేదు? పోయేవారు. లోపల కేంద్రం గుమాస్తా కిరణ్ తేమ కొలిచే మిషన్‌ను పత్తిలో గుచ్చి చూసేవాడు. తేమ పన్నెండు శాతం దాటితే బండి వెనక్కే. పొద్దున్నే వెళ్లిన బండ్లు పద్నాలుగు, పదిహేను చూపించి తిరిగొచ్చి వరుస చివర నిలబడేవి. వాటి వంతు మళ్లీ మర్నాటికి గానీ వచ్చేది కాదు. మధ్యాహ్నం తీరుబడిగా లోపలికి వెళ్లిన తిమ్మక్క పత్తి మాత్రం తొమ్మిది చూపించేది.

కిటుకు ఆమె కూతురు సునీతకొక్కదానికే చెప్పింది. "గాలికి కడుపుంటాది మ్మే. ఎండకు ఆ కడుపు పెద్దదై పత్తిలో తడంతా తాగతాది. తెల్లారిజాము చలికి చిన్నదై, తాగిందంతా మంచుగా కక్కతాది. అది కక్కేటప్పుడు పోయి నిలబడితే మన పత్తి ఎట్ల ఆరతాది?"

ట్రాక్టర్ మీద పత్తిని పలచగా పరిచి, పక్కనే పళ్లెంలో బొరుగులు పోసి పెట్టేది. గంటకోసారి నాలుగు నోట్లో వేసుకునేది. మెత్తగా సాగితే కదిలేది కాదు, కరకరలాడితే లేచేది. చూసేవాళ్లు ఆమెకు ఆకలెక్కువ అనుకున్నారు.

ఈ మర్యాదకు రెండేళ్లూ బలైనవాడు మాధవరం నాగప్ప. పరాయివాడు కాదు, సునీత మామ. వియ్యంకుడని కూడా చూడలేదని సునీత అలిగి, తల్లితో పది రోజులు ఫోన్లో మాట్లాడలేదు. సునీత తల్లికిచ్చిన మాట దాటకపోవడంతో నాగప్పకు కిటుకు అంతుపట్టలేదు గానీ, తిమ్మక్క ఏం చెబితే దానికి తిరగేసి చేయాలని మాత్రం గట్టిగా అర్థమైంది.

ఈ ఏడు కార్తీకంలో రెండిళ్లకూ ఒక్కో బండి పత్తే పండింది. ఇద్దరూ ఒకేరోజు వచ్చారు. రాత్రంతా మబ్బు కమ్మి, గాలి పొడిగా, వెచ్చగా ఉంది. చలి లేదు, మంచు పడలేదు. ఆరింటికే బొరుగులు కరకరలాడాయి. తూర్పున మాత్రం ఆకాశం నల్లబడుతోంది. ఇంకో రెండు గంటల్లో తడిగాలి వచ్చేస్తుందని, ఈరోజు తిరిగి వెళ్లిన పత్తి వానకు నల్లబడడం ఖాయమని తిమ్మక్కకు తెలిసిపోయింది.

గేటు తెరిచే వేళకు ఆమెది మొదటి బండి, వెనకది నాగప్పది.

"నాగప్పన్నా, నువ్వు ముందు పోన్నా. ఈపొద్దు పొద్దున్నే మేలు. నా బిడ్డ మీద ఒట్టు."

"సాల్లేక్కా" అని నవ్వాడు నాగప్ప. "నేను మద్యాన్నం పోతా. నువ్వే పో."

పోవచ్చు. కానీ సునీత కళ్లముందు మెదిలింది. కాసేపు ఆలోచించి, దొంగచూపులు చూస్తూ డ్రైవర్ దగ్గరికి వెళ్లి, నాగప్పకు వినబడేంత గుసగుసగా, "బిరీన పోనీ, ఆయప్ప దూరినాడంటే మనకు సందుండదు" అంది. వెనక్కి తిరిగి, "నువ్వన్నెట్లే కానీ అన్నా, మద్యాన్నమే మంచిది" అని తేనె పూసినట్లు చెప్పింది.

నాగప్ప కళ్లు మెరిశాయి. ట్రాక్టర్‌ను పక్కనుంచి పోనిచ్చి, ఆమె బండికి అడ్డంగా గేట్లో దూర్చాడు.

మిషన్ పదకొండు చూపించింది. ఆ బండి దించేసరికి గంటన్నర పట్టింది. ఈలోగా తడిగాలి లేచింది, వెనకే తుంపర. తిమ్మక్క తెచ్చిన టార్పాలిన్ పట్ట సగం బండికే సరిపోయింది.

"పదమూడు, తిమ్మక్కా" అన్నాడు కిరణ్, తల పైకెత్తకుండా.

బండి బయటికి తెచ్చుకుని దాని పక్కనే కూలబడింది. ఏడాది కష్టం. ఏడుపు ఆగలేదు, కొంగు అడ్డం పెట్టుకుంది.

ఖాళీ ట్రాక్టర్ మీద నాగప్ప వచ్చి ఆగాడు. "రెండేండ్లు ఆడిస్తివి గదక్కా. ఈపొద్దు ఎట్లుండాది? మీయమ్మను ఏమార్చినానని సునీతకు ఫోన్ చేసి సెప్పినా."

"ఏమన్నెది నా బిడ్డ?"

"పగలబడి నగిందక్కా."

తిమ్మక్క కళ్లు తుడుచుకుంది. "నగనీలే అన్నా" అని, పట్ట కొస అందుకుని తడవని వైపుకు లాగింది.