కరివేపాకు కుండీకి మూడు చుక్కలు

మందు వాసన అంటే నాకు తెలిసింది ఒక్కటే: సూది గుచ్చే ముందు దూదితో చేతికి రాసే స్పిరిట్. దాన్ని ఇష్టపడి గొంతులో పోసుకునే వాళ్లను చూస్తే ఒళ్లు మండేది. అలాంటి నేను పెళ్లయి వచ్చి పడింది, ప్రతి ఆదివారం మధ్యాహ్నం అన్నానికి ముందు ఒక్క గ్లాసు పుచ్చుకునే మామగారి ఇంటికి.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రెండో అంతస్తు మాది. మామయ్య లక్డీకాపూల్‌లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున నడిచి ఆబిడ్స్ వెళ్లి, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాలన్నీ తిరగేసి, అట్ట ఊడినదాన్నొకటి చంకలో పెట్టుకుని వచ్చేవారు. ఆ తర్వాత బాల్కనీలో కుర్చీ, గ్లాసు. తాగే ముందు వేలు ముంచి మూడు చుక్కలు నేలకు వదిలేవారు. దాన్ని సాక అంటారు. పోయినవాళ్లకు ఇవ్వకుండా తాగకూడదట. రెండో అంతస్తులో నేలెక్కడిది? ఇంట్లో ఉన్న మట్టంతా నా కరివేపాకు కుండీలోనే ఉంది.

"మామయ్యా, అది నేను చారులో వేసుకునే మొక్క."

"మరి మీ అత్తకు ఏడ పొయ్యాలె బిడ్డా? ఉన్నప్పుడు నాతోని సమానంగ కూసుండేది. ఇప్పుడు నేనొక్కన్నే తాగితే ఊకుంటదా?"

"ఆవిడ ఊరుకున్నా నేను ఊరుకోను."

"నువ్వు ఊకున్నది నేనెప్పుడు చూసిన? ముందు నీ పప్పుచారుల ఇంగువ తక్కువ చెయ్యి. మీ కోస్తోళ్లకు ఇంగువ లేకుంటే ముద్ద దిగదా ఏంది?"

మా తాత కోస్తా నుంచి ఉద్యోగం మీద ఈ ఊరొచ్చారు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. అయినా మామయ్య దృష్టిలో నేను ఇంగువ మూటతో నిన్ననే రైలు దిగినదాన్ని. ఇరవై ఏళ్లపాటు మా ఆదివారాలు ఇలాగే గడిచాయి. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని బతికాడు.

కరోనా రోజుల్లో ఇంటిల్లిపాదికీ జ్వరం వచ్చింది, అందరికీ తగ్గింది. మామయ్యకు మాత్రం వాసన, రుచి రెండూ పోయాయి. మొదటి వారం, నా వంటకు వంకలు పెట్టేవాళ్లు లేరని నిజంగానే సంతోషించాను. తర్వాత భయం వేసింది. ఏది పెట్టినా నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేవారు. నెలలు గడిచేకొద్దీ చొక్కా భుజాల మీద నిలవడం మానేసింది. ఒకరోజు కావాలనే పప్పుచారులో రెండింతలు ఇంగువ వేశాను. "బాగుందమ్మా" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, కాసేపు అక్కడే నిలబడిపోయాను.

తెలిసిన వాసనలు రోజూ చూపిస్తూ ఉండమన్నారు డాక్టరు. రావచ్చు, రాకపోవచ్చు అని కూడా అన్నారు. లవంగం, నిమ్మతొక్క, కాఫీపొడి పట్టుకుని ఆయన వెనకాలే తిరిగాను. "ఏం వస్తలేదు బిడ్డా" అనేవారు, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

ఒక ఆదివారం ఆదిలాబాద్ వైపు ఉండే ఆయన పాత స్నేహితుడొకరు వచ్చి, ఇప్పపువ్వుతో ఇంట్లో కాచిన సారా ఒక సీసా ఇచ్చి వెళ్లారు. మామయ్య సాక పోసి, ఒక గుక్క తాగి, గ్లాసు నా ముందు పెట్టారు.

"నాకు నీళ్ల లెక్కనే ఉంది. ఇది మీ అత్తకు మస్తు ఇష్టం. జర నోట్ల పోసుకొని ఎట్లుందో చెప్పు."

"నేనా?"

"ఈ ఇంట్ల నీకన్న బాగ తప్పులు పట్టేటోళ్లు ఇంకెవరున్నరు?"

తప్పులు పట్టడానికే తీసుకున్నాను. ఆ దూది వాసన వస్తుందని ముఖం బిగించుకుని కూర్చుంటే, అది రాలేదు. ముదురు బెల్లం పాకం వచ్చింది. దాని వెనక కట్టెపొయ్యి పొగ, తడిసిన ఎండుగడ్డి. మండుతుందనుకున్నది గొంతులోంచి వెచ్చగా దిగింది. చివర్లో, నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలే ఎర్రటి గసి రుచి నాలుక మీద చాలాసేపు ఉండిపోయింది. పువ్వులతో చేసిందంటే అత్తరులా ఉంటుందనుకున్నాను. ఇది అడవిలో ఎవరో వంట మొదలుపెట్టినట్టుంది. అదే చెప్పాను. మామయ్య కళ్లు మూసుకుని విన్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయనకు చిన్న గ్లాసు, నాకు ఒక చెంచా. ఒక వారం కిస్‌మిస్ అన్నాను, ఒక వారం పనసతొన అన్నాను. ఏదన్నా "ఔ, గంతే" అనేవారు. ఆయన నాతో ఒప్పుకోవడం నాకు బొత్తిగా నచ్చలేదు.

ఇంతలో మా పిన్ని వారం రోజులు ఉంటానని వచ్చింది. సారా సీసా చూసిందంటే మా చుట్టాలందరికీ తెలిసిపోతుంది. మిగిలినదాన్ని వంటింట్లో ఒక ఖాళీ సీసాలో పోసి, పప్పుల డబ్బాల వెనక దాచాను. పిన్ని శనివారం వెళ్లింది. ఆదివారం గ్లాసులో పోసి ఇచ్చాను. సాక పోశారు, ఒక గుక్క తాగారు, ముఖం వికారంగా పెట్టారు.

"థూ! ఏం కలిపినవ్ దీంట్ల?"

"నేనేం కలుపుతాను?"

"ఇంగువ! నీ దిక్కుమాలిన ఇంగువ!"

అది నేను ముద్ద ఇంగువ నానబెట్టుకునే సీసా. "సబ్బుతో మూడుసార్లు కడిగి ఎండబెట్టాను. అందులో ఇంగువ ఎలా ఉంటుంది?"

"ఉన్నది!"

"లేదు!"

"నీకేం తెలుస్తది, నీ ముక్కు ఇంగువల్నే పుట్టింది!"

గ్లాసు లాక్కుని వాసన చూశాను. నిజమే. నీళ్లకు, సబ్బుకు వదలనిదాన్ని సారా లాగేసింది. కడిగిన తీరు గురించి ఇంకో మాట అనబోయి, ఆగిపోయాను. ఆయనా ఆగిపోయారు. గ్లాసు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఎన్కనుంచి జర ఇప్పపువ్వు గూడ వస్తుంది బిడ్డా." ఇంకోసారి వాసన పీల్చారు. "కిస్‌మిస్ అన్నవ్ గదా. తప్పు."

"మరేంటి?"

"చెప్పనిస్తదా నీ ఇంగువ!"

గ్లాసులో మిగిలినదంతా కరివేపాకు కుండీలో పోసేశారు, అత్తయ్యకు. అన్నానికి కూర్చున్నాక పప్పుచారులో ఇంగువ ఎక్కువైందన్నారు. ఎక్కువేం కాలేదని నేను గట్టిగా వాదించాను. వాదిస్తూనే, ఆయన కంచం ముందుకు జరిపితే రెండోసారి వడ్డించాను.