కొత్త కోటు జేబులో బాతు ఈక

ఈనక్ హాల్‌సాల్‌ది ఇంగ్లండులో, మా ఓల్డ్‌హామ్ సంతలో కోళ్ల కొట్టు. ఇరవై ఏడేళ్లవాడు, మా వీధివాడే. కబుర్లు ఆపకుండానే బాతు ఈకలన్నీ పీకేసేవాడు. తెల్లవి ఒక గోతంలో, రంగువి ఇంకో గోతంలో. మెట్లెక్కేటప్పుడు మాత్రం మధ్యలో ఆగి గోడ పట్టుకునేవాడు. బద్ధకం అనుకుని నవ్వుకునేవాళ్లం. ఎందుకని ఒక్కరమూ అడగలేదు.

1915 మే నెల. మిల్లు గేటు దగ్గర ఒక పెద్దింటావిడ మీటింగు పెట్టింది. యుద్ధానికి పోకుండా ఊళ్లో తిరిగే మగాళ్లకు పిరికివాడన్న గుర్తుగా తలా ఒక తెల్ల ఈక ఇవ్వండి, సిగ్గొచ్చి వాళ్లే చేరతారు అంది. మా అన్న అప్పటికే ఫ్రాన్సులో ఉన్నాడు. నాకు పంతొమ్మిదేళ్లు. నోరు పెద్దది, బుర్ర చిన్నది. ఈకల కోసం ఈనక్ దగ్గరికే పోయాను.

"తెల్లవి ఓ ఇరవై కావాలి, ఈనక్."

"దేనికే పిల్లా?"

"దిండుకి."

"ఇరవై ఈకల దిండా? ఎవరికే, మీ ఇంట్లో ఎలక్కా?"

నవ్వుతూనే మరక లేనివి ఏరి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

విట్ శుక్రవారం వచ్చింది. ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని చర్చి జెండాల వెంట నడిచే రోజు. మా వీధిలో ఎవరు కొత్త బట్ట తొడుక్కున్నా ఇరుగుపొరుగువాళ్లు దాని జేబులో ఒక పెన్నీ నాణెం వెయ్యాలి. వెయ్యకపోతే ఆ బట్ట కలిసిరాదు. ఆ ఏడు జెండా తాడు పట్టుకునే వంతు ఈనక్‌ది. అందుకని నీలం సూటు కుట్టించుకున్నాడు.

ఊరేగింపు మా సందు మొగలో ఆగింది. నా వెనక మిల్లు పిల్లలు మొదలుపెట్టారు.

"వీడికివ్వవేం హెటీ? మీ వీధివాడనా?"

"ఇస్తుందా? దానికంత ధైర్యమా?"

ఆ మాటకి నాకు రోషం వచ్చింది. తిన్నగా వెళ్లి, అతని కోటు పై జేబులో ఈక దూర్చాను. పెన్నీ అనుకున్నాడు పాపం. మొహం వెలిగిపోయింది.

"మా అమ్మ తర్వాత నువ్వే వేశావు హెటీ! చల్లగా ఉండవే!"

జేబులో వేలు పెట్టి తీశాడు. ఈకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నేనిచ్చిందే," అన్నాడు.

పిల్లలు పగలబడి నవ్వారు. ఎవడో కోడిలా కూశాడు. బ్యాండు మళ్లీ మోగింది. ఈనక్ తాడు వదల్లేదు. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ఈక పట్టుకుని ఊరంతా నడిచాడు. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. మధ్యాహ్నం హాయిగా కేకు కూడా తిన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నిర్ఘాంతపోతాను, అలా ఎలా తినగలిగానా అని.

సోమవారం కొట్టు తెరవలేదు. ఈనక్ సైన్యంలో చేరాడన్నారు. చూశారా, ఈక పనిచేసిందని గొప్పలు పోయాను. ఆరు వారాలకు తంతి వచ్చింది. శిక్షణ శిబిరంలో వీపున మూటతో పరిగెడుతూ పడిపోయాడట. మళ్లీ లేవలేదు. ఫ్రాన్సు మొహం కూడా చూడలేదు.

వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పింది. "వాడి గుండె మొదట్నించీ అంతే. సైన్యంలో చేరతానని రెండుసార్లు వెళ్లాడు, రెండుసార్లూ డాక్టర్లు వద్దు పొమ్మన్నారు. ఎవరికీ చెప్పకమ్మా, నవ్వుతారు అన్నాడు. ఈసారి పక్క ఊరు రాచ్‌డేల్ వెళ్లి, జబ్బు సంగతి దాచాడు. అక్కడి డాక్టరు సరిగ్గా చూడనేలేదు."

పక్కనున్న గోడ పట్టుకున్నాను.

మరుసటి విట్ పండక్కి మా అమ్మ నాకు కొత్త గౌను కుట్టింది. తల దించుకుని ఈనక్ వాళ్లిల్లు దాటిపోదామనుకున్నాను.

"హెటీ, ఇలా రా."

వాళ్లమ్మ నా జేబులో పెన్నీ వేసింది.

"ఆ ఈక ఎవరు పెట్టారో వాడు నాకు చెప్పాడు," అంది. "పిల్లకి తెలీదమ్మా, ఏమీ అనకు అన్నాడు. అందుకే అనలేదు."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత నేను ఏ గౌనుకీ జేబు పెట్టించుకోలేదు.