ఒళ్లో తలుపుతో ఒకామె

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. తుప్పు పట్టిన మా పికప్ బండిని పాత ఇనుముకు అమ్మేద్దామని అనుకున్న రోజుల్లో, ఉరవకొండ బస్సులో ఒకామె బండి తలుపు ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

“ఏమక్కా, తలుపు ఈడుంటే బండి యాడ?” అన్నాను.

“ఇంటికాడ. నేనే బాగుచేస్తాండా.”

“మాదీ తుప్పే. వానల్లేని సీమలో ఇంత తుప్పేందో!”

“కరువులో నీళ్ల డ్రమ్ములు మోసినాదా?”

“నాలుగేండ్లు, ఊరికంతా.”

“ఆ నీళ్లే దాన్ని తిన్యాయి. ఊరికి నీళ్లు తెచ్చినదాన్ని ఇనుముకేస్తావా? బలేదానివే! రేకులు పోతే పోనీ, కింద బరువు మోసే ఛాసీ చట్రాన్ని సుత్తితో కొట్టు. ఖంగుమంటే బతికుండాది.”

ఇంటికొచ్చి కొట్టాను. ఖంగుమంది. కొత్త రేకులు వేయించాం. ఇప్పుడు రోజూ టమోటా బాక్సులతో మార్కెట్‌కు పోతోంది.

ఈ కథ విన్న మీ ఇంట నీళ్ల కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి తల్లీ.